జరీనా నా అక్కే, ఆ కాగితంలో తప్ప

ఊపిరి పోసినవాడి పేరుతోనే మొదలుపెడుతున్నాను. ఆపరేషన్ అయ్యాక నేను ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి. కుడిచేయి ఇంకా తొందరగా అలసిపోతోంది. పేజీకోసారి పెన్ను పక్కన పెట్టి వేళ్ళు విదిలించుకుని మళ్ళీ రాస్తున్నాను.

జాలిపడమని రాయడం లేదు. జాలి నాకు తిరువూరులో కావలసినంత దొరికింది. కూరగాయల బజారులో కూడా ఊరికే పంచారు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. గ్రంథం చదివి నలుగురికీ అర్థం చెప్పేదాన్నే ఆ తప్పు చేశాను. దానివల్ల ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతి ప్రమాదాన్ని ఒళ్ళో పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంది. మీ ఇళ్ళల్లో అలా జరగకూడదు.

నా పేరు మెహరున్నీసా. మా ఆయన కరీంకి బస్టాండు వెనక మోటారు వైండింగ్ షాపు ఉంది. పొలంలో బోరు మోటారు కాలిపోతే గంపలగూడెం నుంచి కూడా ఆటోలో వేసుకుని ఆయన దగ్గరికే తెస్తారు. నేను ఇంట్లో ఆడపిల్లలకు అరబీ చెబుతాను. ప్రతి గురువారం మధ్యాహ్నం నమాజు తరువాత మా హాల్లో ఆడవాళ్ళ దర్స్ జరుగుతుంది. గ్రంథం చదివి వివరించే పని పన్నెండేళ్ళుగా నాదే.

నేను పుట్టిన ఐదో రోజున నన్ను కన్న తల్లి జ్వరంతో పోయింది. మా నాన్న, అబ్బా, లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేవాడు కాదు. గోడ అవతలి ఇంట్లో బీబీజాన్‌కి నాకంటే పద్దెనిమిది రోజుల ముందే ఒక పాప పుట్టింది. ఆ పాప జరీనా. బీబీజాన్ నన్ను తీసుకుపోయి జరీనాకి అటుపక్కన పడుకోబెట్టుకుంది. రెండేళ్ళు మేమిద్దరం ఆమె పాలే తాగాం. మా ధర్మంలో పాలిచ్చిన తల్లి తల్లే. ఆమె పిల్లలు తోబుట్టువులే. వాళ్ళతో నికాహ్ నిషేధం, వాళ్ళ ముందు పరదా అక్కర్లేదు. బీబీజాన్‌ను నేను అమ్మీ అన్నాను. ఆ మాట ఇంకెవరినీ అనలేదు. ఆమె తరువాత కన్న సలీం నాకు తమ్ముడు, నన్ను ఆపా అంటాడు. జరీనా కూతురు నాజియా నన్ను ఖాలా అంటుంది, పిన్ని అన్నమాట. ఈ చుట్టరికాన్ని ఎవరికైనా విడమరిచి చెప్పాల్సిన అవసరం నలభై నాలుగేళ్ళలో నాకు రాలేదు.

అమ్మీ రొమ్ము క్యాన్సరుతో పోయింది. తరువాత ఆరేళ్ళకు, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, జరీనా కూడా అదే జబ్బుతో పోయింది. నాజియాకి అప్పుడు పదిహేడు. అప్పటినుంచీ మేనమామ సలీం ఇంట్లోనే ఉంటోంది.

నిరుడు బక్రీద్

పండగనాడు కుర్బానీ మాంసం పొట్లాలు కడుతూ చంక దగ్గర ఏదో ఒరుసుకుంటోందని చేయి పెట్టాను. పెట్టగానే తెలిసిపోయింది. జరీనాకి ఆఖరి స్నానం చేయించింది నేనే. ఆ గడ్డ చేతికి ఎలా తగులుతుందో నా వేళ్ళకు గుర్తుంది.

మిగిలిన పొట్లాలన్నీ కట్టాను. పంచాల్సిన ఇళ్ళన్నిటికీ పంపాను. అప్పుడు మా ఆయనను పిలిచి చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. చాలాసేపు కడుగుతూనే ఉన్నాడు.

"రేపే బెజవాడ పోదాం, మెహర్," అన్నాడు చివరికి.

ఆపరేషన్, మందులు ఎక్కించడం, రేడియేషన్ కరెంటు పెట్టడం. వీటి వివరాలు రాయను. డాక్టర్లు చేసే పని డాక్టర్లకు తెలుసు. నాకు తెలిసింది ఆసుపత్రిలో వంతు కోసం కూర్చునే ఆ హాలు. గోడకు టీవీ, దాంట్లో శబ్దం లేకుండా వంటల కార్యక్రమం. ఏమీ తినలేని నలభై మందిమి కూర్చుని దాన్నే చూసేవాళ్ళం. మొదటిసారి మందు ఎక్కించాక కడుపులో తిప్పుతుంటే, పక్క కుర్చీలో రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒకామె సంచిలోంచి నిమ్మకాయ తీసి గోటితో గీరి నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు చెల్లీ, వాంతి ఆగుద్ది. నాకిది నాలుగోది. నాలుగింటికీ ఈ కాయలే."

తరువాత ప్రతిసారీ నా సంచిలో రెండు నిమ్మకాయలు ఉండేవి. ఒకటి నాకు, రెండోది కొత్తగా వచ్చినవాళ్ళకు.

చేతికి సూది ఉన్న రోజుల్లో నమాజుకు ముందు నీళ్ళతో వజూ చేసుకోలేకపోయేదాన్ని. అలాంటివాళ్ళకు మట్టితో శుద్ధి చేసుకునే వెసులుబాటు దేవుడే ఇచ్చాడు. మా ఆయన మామిడితోట నుంచి పొడి మట్టి జల్లించి స్టీలు పళ్ళెంలో తెచ్చి మంచం పక్కన పెట్టేవాడు. మోటార్లకు రాగితీగ చుట్టే చేతులవి. పళ్ళెంలో ఒక్క పుల్ల కూడా ఉండేది కాదు.

జుట్టంతా పోయింది. బయటికి ఎటూ ముసుగే కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెలిసినవాళ్ళు మాత్రం గొంతు తగ్గించి "ఆ జబ్బట కదా" అనేవాళ్ళు. "క్యాన్సరు," అనేదాన్ని నేను. "అనండి, నోరు పడిపోదు." ఒకావిడ ఏం పాపం చేశావో అని సణిగింది. పాపానికి శిక్ష ఎవరికి ఎప్పుడు వేయాలో నిర్ణయించే పని ఆమెకు ఎవరు అప్పగించారో చూపించమన్నాను. అక్కడితో ఆవిడ రావడం మానేసింది. నాకూ విశ్రాంతి దొరికింది.

రజబ్ నెల

చలికాలం నడుమ ఆ మందులు అయిపోయాయి. బీపీ చూపించుకోవడానికి మన ఊళ్ళోనే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ క్లినిక్‌కి వెళ్ళాను. జ్వరాలకూ షుగరుకూ చూసే చిన్న క్లినిక్ అది. ఆమె బీపీ చూసి ఊరుకోలేదు. ఒక తెల్లకాగితం తీసింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా క్యాన్సర్ వచ్చిందా అమ్మా? అమ్మకి, అక్కచెల్లెళ్ళకి?"

"మా అమ్మీకి వచ్చిందండి. మా అక్కకీ. ఇద్దరూ పోయారు."

ఆమె బొమ్మ గీసింది. ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు గడి. జబ్బు వచ్చినవాళ్ళ సున్నా నల్లగా నింపుతుంది. పైన అమ్మీ, కింద జరీనా, పక్కన నేను. మూడు నల్ల సున్నాలు, ఒకదానికొకటి గీతలు. నాకు ఆ బొమ్మ చూస్తే నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది. మేం ముగ్గురం మళ్ళీ ఒకచోట ఉన్నట్టనిపించింది.

"మూడు ఒకే ఇంట్లో అంటే వంశపారంపర్యంగా వచ్చి ఉండొచ్చు. రక్తపరీక్ష ఉంది. ఇక్కడే తీసి హైదరాబాద్ పంపిస్తా. తేలితే మీ వాళ్ళందరినీ ముందే జాగ్రత్తపెట్టొచ్చు. మీ అక్కకి పిల్లలున్నారా?"

"ఒక్కతే. నాజియా."

"ఆ అమ్మాయిని కూడా ఒకసారి తీసుకురండి. పరీక్ష తరువాత సంగతి, ముందు మాట్లాడదాం."

నాజియాకి చెప్పాను. వస్తానంది. ఫలితం రానీ ఖాలా, అప్పుడు చూద్దాం అంది.

నెల పైనే పట్టింది. మందులు ఎక్కించినప్పుడు కూడా నేను అంతగా భయపడలేదు. నమాజులో నిలబడి చదివిన ఖురాన్ సూరానే మళ్ళీ చదివేదాన్ని. నా గురించి కాదు, నాజియా గురించి. ఆ పిల్లకు వాళ్ళమ్మ చేతులు, అదే నవ్వు వచ్చాయి. ఇంకేం వచ్చిందో అని.

రంజాన్ ఇంకో వారం ఉందనగా ఫలితం వచ్చింది. లేదు. నా రక్తంలో ఆ దోషం లేదు.

క్లినిక్‌లోనే నుదురు నేలకు ఆనించి సజ్దా చేశాను. కాంపౌండరు తుడుస్తున్న తడినేల మీదే. ఆ గురువారం దర్స్‌లో సేమ్యా పంచి, నిలబడి చెప్పాను: "అల్లా దయవల్ల మా వంశంలో ఇది లేదని తేలింది. మా అమ్మీ బిడ్డలకూ మనవరాళ్ళకూ భయం లేదు." ముప్పై మంది ఆడవాళ్ళు అల్హందులిల్లా అన్నారు. నాజియా మూల కూర్చుని ఏడ్చింది. సలీం మసీదు దగ్గర అందరికీ చెప్పుకున్నాడట. తన టైర్ల షాపులో కుర్రాళ్ళకు బిర్యానీ పెట్టించాడు.

నాజియా ఇక క్లినిక్‌కి రాలేదు. నేనూ రమ్మనలేదు. ఎందుకు రమ్మంటాను?

రంజాన్

పదో ఉపవాసం రోజున మందుల చీటీ కోసం క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరమ్మ నా ఫైలు తెరిచి, అక్క కూతుర్ని ఇంకా తేలేదేం అని అడిగింది. నాకు లేదని తేలాక ఆ పిల్లకెందుకండీ అన్నాను. మీకు లేకపోయినా మీ అక్కకి ఉండి ఉండొచ్చు, ఒక తల్లి పిల్లలందరికీ రావాలని లేదు అని ఆమె మొదలుపెట్టింది. నేను సగమే వింటున్నాను. బల్ల మీది క్యాలెండరు చూస్తున్నాను.

"మా జరీనా ఉంటే ఈ నెలలోనే నలభై ఐదు నిండేవండి," అన్నాను. "తరువాత పద్దెనిమిది రోజులకు నాకు."

ఆమె పెన్ను ఆగింది.

"పద్దెనిమిది రోజులా? నెలలా?"

"రోజులేనండి."

"ఒక తల్లికి పద్దెనిమిది రోజుల తేడాతో ఇద్దరు ఎలా పుడతారమ్మా?"

నేను నవ్వాను. నవ్వుతూనే చెప్పాను, పాల సంగతి. చెబుతుంటే ఆమె ముఖం మారడం చూశాను, నా గొంతు నాకే దూరంగా వినబడింది. ఆమె కోప్పడలేదు. ఆ పాత కాగితం ముందుకు జరిపి, నా సున్నాకీ అమ్మీ సున్నాకీ మధ్య ఉన్న గీత మీద అడ్డంగా రెండు గీతలు పెట్టింది.

"మీ రిపోర్టు అబద్ధం చెప్పలేదు. మీ రక్తంలో లేదనే చెప్పింది. మీ రక్తంలో వాళ్ళ రక్తం లేదు కదా. వాళ్ళ గురించి మనకు తెలిసింది ఇంతవరకు ఏమీ లేదు. తల్లీ కూతురూ ఇద్దరూ పోయారంటే... ఆ అమ్మాయిని తీసుకురండి. ఆ తమ్ముణ్ణి కూడా. మగవాళ్ళ నుంచి కూడా పిల్లలకు వస్తుంది."

"నన్ను కన్న తల్లి సంగతి?"

"ఆవిడ వైపు వాళ్ళ గురించి మీకేం తెలుసు?"

ఏమీ తెలియదు. ఆమె కొత్త కాగితం మీద నాకొక సున్నా, పైన ఇంకొక సున్నా గీసి, దాని మధ్యలో ప్రశ్న గుర్తు పెట్టింది. నన్ను కన్న తల్లిని నేను మొదటిసారి కలుసుకున్నది అక్కడే, ఆ గుర్తు దగ్గర.

ఇంటికి నడిచే వచ్చాను. ఇఫ్తార్‌కి ఖర్జూరంతో ఉపవాసం విడిచి చాప మీదే కూర్చుండిపోయాను. ముప్పై మంది ముందు నిలబడి, అల్లా పేరుతో, నాకు తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పాను. క్యాన్సరు నా ఒంటికి వచ్చింది కానీ ఈ సిగ్గు లోపలికి వచ్చింది.

షవ్వాల్

రంజాన్ పండగ అయిన మూడో రోజు సలీం టైర్ల షాపుకి వెళ్ళాను. మామిడికాయల ట్రాక్టరు టైరు విప్పి గాలిగొట్టం పెడుతున్నాడు. అంతా చెప్పాను. గొట్టం పక్కన పెట్టలేదు.

"ఆపా, ఒకసారి అల్లా లేదన్నాడు. మళ్ళీ అడగడం ఎందుకు?"

"లేదన్నది నాకు. మీ సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు."

"మనకి వేరే, నీకు వేరే అనే మాట ఎప్పుడన్నా ఉందా? అమ్మీ వింటే కొట్టేది నిన్ను. పాలు రక్తంతో సమానమని నువ్వే కదా అందరికీ చెప్పేది? ఇప్పుడు ఆ డాక్టరమ్మ ఒక గీత గీస్తే మేం పరాయివాళ్ళమైపోయామా?"

"సలీం..."

"వద్దు. అమ్మీని మోశాను, అక్కని మోశాను. నాజియా సంగతి నా దగ్గర ఎత్తొద్దు."

వాడి కళ్ళు చూశాను. అది మొండితనం కాదు, భయం. భయాన్ని నేను గుర్తుపడతాను, ఆ హాల్లో దానితోనే కూర్చున్నాను. అయినా వాడి భయానికి ఆ పిల్లను వదిలేయదలచుకోలేదు.

గురువారం దర్స్‌లో నిలబడ్డాను. సేమ్యా పంచిన చోటే. "ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఆ కాగితం నా ఒక్కదానిది. అమ్మీ పిల్లల గురించి అందులో ఏమీ లేదు. తెలియక చెప్పాను. అల్లా ముందు, మీ ముందు వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను.

దర్స్‌లో అందరికంటే పెద్దది హలీమా బూ. ఆమె కర్రతో నేల తట్టింది.

"రాసిపెట్టినదాన్ని సూదితో వెతుకుతారే? నమ్మకం అంటే ఇదేనా మెహరున్?"

"బూ, రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసి దాటుతావు కదా?"

"చూస్తాను."

"రాసిపెట్టినదాన్ని కళ్ళతో ఎందుకు వెతుకుతున్నావు మరి? కళ్ళు ఇచ్చింది ఆయనే కాబట్టి. ఈ సూది కూడా ఆయన ఇచ్చిందే. చూడకుండా దాటి లారీ కింద పడి, అంతా తఖ్దీర్, నుదుటిరాత అంటే ఆయన ఒప్పుకుంటాడా?"

ఎవరో కిసుక్కుమన్నారు. బూ కూడా. మూలనుంచి నాజియా లేచి నిలబడింది. "నేను వస్తాను ఖాలా," అంది. అంతే అంది.

ఆ సాయంత్రం అసర్ నమాజు కాగానే సలీం మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"నలుగురిలో మా ఇంటి మాట ఎత్తే హక్కు నీకెవరిచ్చారు?"

"నలుగురిలో తప్పు చెప్పింది నేను. నలుగురిలోనే దిద్దుకున్నాను. కూర్చో."

"కూర్చోను. ఒక్కటి చెప్పు. నువ్వు అమ్మీ కూతురివా, కాదా?"

నాకు అప్పుడు తోచింది. నికాహ్‌లూ వాటాలూ వివరించే సూరాను పన్నెండేళ్ళు చదివి చెప్పినదాన్ని, అంతవరకూ నాకే తోచలేదు.

"అమ్మీ పోయాక ఇల్లు పంచుకున్నారు. నీకు రెండు వంతులు, జరీనాకి ఒకటి. నాకెంత ఇచ్చావురా?"

వాడు తెల్లబోయాడు. "అదేంటి ఆపా... షరీయత్ ప్రకారం..."

"చెప్పు, షరీయత్ ప్రకారం?"

"పాలబిడ్డకి వాటా ఉండదు."

"ఉండదు. నేను అడిగానా? అడగలేదు. అది న్యాయం. పాలు నికాహ్‌ని ఆపుతాయి, పరదా తీసేస్తాయి, ప్రేమనిస్తాయి. వాటా ఇవ్వవు. వాటా రక్తానికే. ఆ సంగతి ఏ డాక్టరూ పుట్టకముందే మనకు రాసిచ్చారు. ఇల్లు పంచుకున్నప్పుడు నన్ను పిలవలేదు, ఈ జబ్బు దగ్గర మాత్రం వాటాకి పిలుస్తావేంరా? అమ్మీ ఇంటిలాగే ఇది కూడా మీదే. మీరే వెళ్ళి, ఎవరి వాటాకి వచ్చిందో, అసలు వచ్చిందో లేదో చూసుకోండి."

మా ఆయన వంటగదిలోంచి టీ పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. సలీం నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. చెప్పులు విప్పి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"వస్తే ఏం చేయాలి ఆపా?"

"నాకు వస్తే ఏం చేశాను? బస్సెక్కాను. నిమ్మకాయ వాసన చూశాను. ఇదిగో నీ ముందున్నాను. జరీనాకి ముందే చెప్పేవాళ్ళు లేరు. నాజియాకి మనం ఉన్నాం."

జిల్‌ఖాదా, ఎండల్లో

డాక్టరమ్మ కొత్త కాగితం మీద కొత్త బొమ్మ గీసింది. పైన అమ్మీ, కింద జరీనా, సలీం, దాని కింద నాజియా. నేను లేను. బల్ల ఇవతల కూర్చుని చూస్తున్నాను. రక్తం మొదట సలీం ఇచ్చాడు. సూది చూసి ముఖం తిప్పుకుంటే నాజియా, "మామూ, టైరుకి గాలి పెట్టించుకుంటున్నాననుకో," అంది.

ఫలితాలు వచ్చాయి. సలీంకి లేదు. నాజియాకి ఉంది.

ఉంది అనే మాట రాసి పెన్ను పక్కన పెట్టాను ఇందాక. చేయి నొప్పి వల్ల కాదు.

ఆ రోజు క్లినిక్‌లో నాజియా ఏడవలేదు, మేం ఏడ్చాం. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఉందంటే జబ్బు వచ్చిందని కాదు. వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉండాలి, మిగతావి వయసు వచ్చినప్పుడు ఆలోచించుకోవచ్చు అని. నాజియా అంతా విని అడిగింది: "మా అమ్మకి ఈ సంగతి నా వయసులో తెలిసి ఉంటే?"

డాక్టరమ్మ ఆ పిల్ల వైపు కుర్చీ తిప్పుకుంది. "ముందే చూసేవాళ్ళం," అంది.

"అయితే నన్ను చూడండి," అంది నాజియా.

సంబంధాలు చూసే వాళ్ళ దగ్గర ఈ సంగతి దాచమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నాజియానే జవాబు చెప్పింది. విని పారిపోయేవాడు ముందే పారిపోతే మంచిదేగా అని. నేను నేర్పిన మాట కాదది. ఆ నాలుక జరీనాది.

ఈ ఏడు బక్రీద్ తరువాత

మొదటి స్కానింగుకి బెజవాడ వెళ్ళాం, నేనూ నాజియా. అదే హాలు, అదే శబ్దం లేని టీవీ. నా సంచిలో రెండు నిమ్మకాయలు. కౌంటరులో అమ్మాయి కాగితాలు నింపుతూ నన్ను చూసి, "మీరేమవుతారండీ?" అంది.

ఒకసారి ఒళ్ళు కాలినదాన్ని. వెంటనే మొదలుపెట్టాను. చూడమ్మా, నాకూ ఈ పిల్లకీ రక్తసంబంధం లేదు, వాళ్ళమ్మా నేనూ ఒకే పాలు తాగాం, కాబట్టి జబ్బు కాగితంలో నా పేరు ఎక్కడా రాయొద్దు, నా క్యాన్సరు వేరు, వీళ్ళది వేరు...

వెనక లైను పెరిగిపోయింది. కౌంటరు అమ్మాయి కంగారుపడింది. నాజియా నన్ను పక్కకు జరిపి, వంశం గురించి అడిగే కాగితం తనే తీసుకుని చకచకా నింపింది. అమ్మమ్మ, అమ్మ, మామూ. నేను లేను. ఆ తరువాత రెండో కాగితం తీసింది. అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అని ఉంది అందులో. మూడు వరుసలున్నాయి. మొదటి వరుసలో నా పేరు, నా నంబరు రాసింది. సంబంధం అన్నచోట ఖాలా అని రాసింది.

"ఇక్కడ రక్తం అడగలేదు ఖాలా," అంది. "ఎవరొస్తారని అడిగారు."

స్కానింగులో ఏమీ లేదు. ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. వెళ్తాం. ఆ తరువాతి ఆరు నెలలకూ వెళ్తాం. తిరువూరు నుంచి బస్సులకేం కొదవ.